ద్రాక్షంటే అన్నీ ఒకటేనా? మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

పలమనేరు పక్కన రెండెకరాల ద్రాక్ష పందిరి వేసిన రైతు నమస్కారాలు.

ఇది నా నాలుగో అర్జీ. ముందు ఇచ్చిన మూడింటికీ రసీదులు భద్రంగా ఉన్నాయి, పంటే లేదు. మీ శాఖ రాయితీ మీద ఇచ్చిన ద్రాక్ష మొక్కల సంగతి మీకు తెలియంది కాదు. మాకు వచ్చింది షెనిన్ బ్లాంక్, వైన్‌కు వాడే తెల్ల రకం. వేరే రకం అడిగితే మీ అధికారులు "ద్రాక్షంటే ద్రాక్షే కదయ్యా" అన్నారు.

కాదు సార్. దీని గుత్తి బిగువు. కాయలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ పెరుగుతాయి. పండే వేళ వాన పడితే ఉబ్బి, లోపలి కాయల తోలు చిట్లుతుంది. ఆ రసంలో బూజు పుడుతుంది. పైకి గుత్తి నిగనిగలాడుతూనే ఉంటుంది, పట్టుకుంటే వేళ్లు లోపలికి దిగిపోతాయి. పుల్లటి వాసన, ఈగలు. మందు కొడదామంటే బిగిసిన గుత్తి లోపలికి చుక్క పోదు. కోత ముందు కొడితే ఆ పండు ఎవరూ కొనరు. నేనూ మా ఆవిడా ఇద్దరు కూలీలూ కత్తెరలు పట్టుకుని కుళ్లిన కాయలు ఏరాం. పొద్దున ఏరిన గుత్తిలోనే సాయంత్రానికి ఇంకో నాలుగు. కూలి డబ్బులు కూడా రాలేదు.

క్యాబర్నే సావిన్యాన్ అనే నల్ల వైన్ రకం ఇచ్చుంటే గుత్తి వదులు, తోలు మందం, ఈ కుళ్లును చాలావరకు తట్టుకునేది. దానికి బూడిద తెగులు బెడద ఉంది, కాదనను. కోలారు వైపు వేసే బెంగళూరు బ్లూ రకం, కాయ మీద కన్నులాంటి మచ్చలు పడే పక్షికన్ను తెగులును తట్టుకుంటుంది, ఆకులకు పట్టే బూజు తెగులుకు లొంగుతుంది. ఒక్కో రకానికి ఒక్కో జబ్బు. మీ కాగితంలో మాత్రం అన్నిటికీ ఒకటే గడి, 'ద్రాక్ష'.

పైగా అక్టోబరుకు వానలు వెనక్కిపోయే నాసిక్ వాళ్ల పట్టికే, అంటే పంట కోసం కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో చెప్పేది, మాకూ ఇచ్చారు. ఇక్కడ అక్టోబరులోనే కదా అసలు వానలు మొదలయ్యేది! అప్పుడు కత్తిరిస్తే పూత మీద వాన, జూలైలో కత్తిరిస్తే పండు మీద వాన. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో మీకు గుర్తుండే ఉంటుంది.

(మా నాన్న మొదటే టమాటా పెట్టుకోరా అన్నాడు. ఆ ధరల గురించి రాస్తే అదింకో లేఖ.)

నష్టం రాయడానికి వచ్చినాయన రోడ్డు మీదే బండి ఆపి, ఆకులు పచ్చగా ఉన్నాయని రాసుకుపోయాడు. దయచేసి ఆయన్ని మళ్లీ పంపండి. గట్టు దిగి, ఒక్క గుత్తి విప్పి చూడమనండి. రకం పేరు కూడా రాసుకోమనండి. పరిహారం సంగతి ఆ తర్వాతే మాట్లాడుకుందాం.

ఇట్లు,
పలమనేరు ద్రాక్ష రైతు