నీ ఖాళీ గడి గురించి

ఒరేయ్ మిత్రమా,

నీ పుట్టినరోజు వెళ్ళి పదకొండు రోజులైంది. ఒక్క మాటైనా చెప్పలేదని అలిగే ఉంటావు. క్షమించు. మరచిపోలేదు. పన్నెండో తేదీ రాత్రే కాగితం ముందు కూర్చున్నాను. ఎందుకు ఆగిపోయానో కింద చెబుతాను. ఇంట్లో అందరూ క్షేమం. పెద్దవాడి పరీక్షలు అయిపోయాయి, నా కళ్ళద్దాల నంబరు మారింది, అంతే విశేషాలు.

ఎనిమిదో తరగతిలో చరిత్ర మాస్టారు ఎవరు పుట్టిన తేదీన ఏం జరిగిందో వెతికి రాసుకురమ్మన్నారు, గుర్తుందా? నీ వంతు వచ్చింది. బల్ల అంచు పట్టుకుని, ఇనుప బూటు సర్దుకుని, నిదానంగా లేచి, "ఏప్రిల్ 12 ఖాళీ గడి మాస్టారూ" అన్నావు. అప్పటినుంచి ఏమీ జరగని రోజల్లా మనకు ఖాళీ గడే. నీ పెళ్ళిచూపులు వాయిదా పడిన రోజుతో సహా!

ఆ గడి ఖాళీ కాదురా. కిక్కిరిసి ఉంది!

1861 ఏప్రిల్ 12, తెల్లవారుజామున నాలుగున్నర. అమెరికాలో చార్ల్స్‌టన్ రేవులోని సమ్టర్ కోట మీద ఫిరంగి పేలింది. వాళ్ళ అంతర్యుద్ధం అక్కడే మొదలైంది. కోటను కాస్తున్నది మేజర్ ఆండర్సన్, బయటినుంచి కాల్పులు జరిపించింది బోరెగార్డ్. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో ఈ బోరెగార్డ్‌కు ఫిరంగి విద్య నేర్పిన గురువు ఆ ఆండర్సనే! ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు తొలి బాణాలు ద్రోణుడి పాదాల దగ్గర వేసి నమస్కరించాడు. ఇక్కడ ముప్పై నాలుగు గంటలు గుండ్ల వర్షమే. ఈ గురుశిష్యులను గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను.

సరిగ్గా నూరేళ్ళకు, 1961లో అదే తేదీన, యూరీ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళాడు. నేల విడిచి మళ్ళీ నేల చేరడానికి 108 నిమిషాలు. నౌక నుంచి బయటికి వచ్చి విడిగా పారాచూట్‌తో దిగాడు. పొలంలో పని చేసుకుంటున్న ఒక ముసలావిడ, ఆవిడ మనవరాలు, నారింజరంగు దుస్తులతో తెల్ల శిరస్త్రాణంతో నడిచి వస్తున్న ఈ మనిషిని చూసి హడలిపోయారట. భూమిని చుట్టి వచ్చిన తొలి మానవుడికి ఎదురైంది ఒక బామ్మ! 1981లో అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా తొలిసారి ఎగిరిందీ ఈ తేదీనే. నిజానికి పదో తేదీన ఎగరాలి, కంప్యూటర్ల మధ్య పొంతన కుదరక రెండు రోజులు ఆగింది. ఎవరూ ముహూర్తం పెట్టకుండానే గగారిన్ యాత్రకు ఇరవై ఏళ్ళు నిండిన రోజున పడింది. కన్నడ నటుడు రాజ్‌కుమార్ 2006లో కన్నుమూసిందీ ఆ రోజే. 2011లో ఐక్యరాజ్యసమితి దాన్ని మానవ అంతరిక్ష యాత్రల అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. ఇవన్నీ ఒక ఎత్తు.

1945 ఏప్రిల్ 12. జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో ఒక కుటీరం. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కూర్చుని ఉన్నాడు, ఎలిజబెత్ షూమటాఫ్ అనే చిత్రకారిణి ఆయన బొమ్మ గీస్తోంది. మధ్యాహ్నం వేళ తల వెనక విపరీతమైన నొప్పి అన్నాడు, కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం. ఆ సాయంత్రానికే లేడు. బొమ్మ అలాగే ఉండిపోయింది. ముఖం పూర్తయింది, కళ్ళు మన వైపే చూస్తుంటాయి, భుజాల కిందికి వచ్చేసరికి రంగు పలచబడి ఉత్త గీతలు మిగులుతాయి. నేను ఆ బొమ్మ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఆయన ఆ ఊరు ఎందుకు వెళ్ళేవాడో తెలుసా? ముప్పై తొమ్మిదో ఏట, 1921లో, కాళ్ళు పడిపోయాయి. పోలియో అన్నారు. అక్కడి వేడినీటి ఊటల్లో కాళ్ళు కాస్త తేలికపడతాయని 1924 నుంచి వెళ్ళేవాడు. తరువాత ఆ చోటు కొని, తనలాంటి వాళ్ళకోసం చికిత్సాలయంగా మార్చాడు. నిలబడాలంటే కాళ్ళకు ఇనుప పట్టీలు బిగించుకోవాల్సిందే. నీకు తెలిసిన చప్పుడే.

1938లో పోలియో మీద పోరాటానికి సంస్థ పెట్టి, తలా పది సెంట్ల నాణెం పంపమన్నారు. జనం సంచులకొద్దీ పంపారు. ఆ నాణేలతో సాగిన పరిశోధనలోనే జోనస్ సాల్క్ టీకా తయారు చేశాడు. 1952లో ఒక్క అమెరికాలోనే దాదాపు 58 వేల మందికి ఆ జబ్బు వచ్చింది. 1954లో సుమారు 18 లక్షల మంది పిల్లలు టీకా పరీక్షలో పాల్గొన్నారు. చాలాచోట్ల ఏ సూదిలో అసలు మందు ఉందో, ఏ సూదిలో ఉత్త ద్రావణం ఉందో వేసే డాక్టరుకూ తెలియదు, చెయ్యి చాపిన పసివాడికీ తెలియదు.

ఫలితం ప్రకటించింది ఎప్పుడనుకున్నావు? 1955 ఏప్రిల్ 12. రూజ్‌వెల్ట్ పోయి సరిగ్గా పదేళ్ళు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో వేదిక ఎక్కి టీకా పనిచేస్తోందని చెప్పింది థామస్ ఫ్రాన్సిస్. సాల్క్‌కు వైరస్‌ల విద్య నేర్పిన గురువు! 1861లో అదే తేదీన శిష్యుడు గురువు మీద గుండ్లు కురిపించాడు, ఇప్పుడు గురువే లేచి శిష్యుడు గెలిచాడని లోకానికి చెప్పాడు. ఊళ్ళలో చర్చి గంటలు మోగించారట. ఆ రాత్రి టీవీలో పేటెంటు ఎవరిదని అడిగితే, ప్రజలదే అన్నాడు సాల్క్. సూర్యుడికి పేటెంటు తీసుకోగలమా అని ఎదురు అడిగాడు.

ఇదిగో, ఇక్కడే కలం ఆగిపోయింది. నువ్వు పుట్టిన రోజు. నువ్వు పుట్టేనాటికి ఆ మందు వచ్చి ఇరవై ఏళ్ళు. నీ దాకా మాత్రం ఎందుకు... నీకు ఇది రాయడం పుండు మీద కారం చల్లడమవుతుందేమోనని రోజూ కాగితం తీయడం, మడిచి పెట్టడం. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చిన రాత్రి నువ్వు ఫోను చేశావు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "ఇక ఆ బూటు కుట్టేవాళ్ళకు పని ఉండదురా" అన్నావు. ఆ గొంతు గుర్తొచ్చి ధైర్యం చేశాను.

నీకు కోపం వస్తే రానీ. కానీ ఫోను చెయ్యకు, ఉత్తరమే రాయి, ఎంత తిట్టినా పదిలంగా దాచుకుంటాను. ఇంకో సంగతి, ఆ అసంపూర్ణ చిత్రంలో ఆయన చెయ్యి ఉందే, అది

అయ్యో, తపాలా వేళ అయిపోతోంది. పిల్లవాడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మిగతాది తరువాతి ఉత్తరంలో.

నీ
పక్క బెంచీ