కోడ్ క్లీనప్ ఎక్కడిదాకా వచ్చిందంటే

అందరికీ నమస్కారం. ఫైల్‌ని ముక్కలుగా చేసి పంచే మన బిట్‌టొరెంట్ ప్రోగ్రామ్‌లో ఎవరూ వాడని ఫంక్షన్లు, పాత కామెంట్లు తీసేశాను. అది తేలిక పనే.

అసలు చిక్కు హ్యాష్‌ల దగ్గర, అంటే ప్రతి ముక్కా పాడవకుండా వచ్చిందో లేదో పోల్చి చూసే గుర్తుల దగ్గర ఉంది. ఎస్‌హెచ్‌ఏ-1 అనే పద్ధతితో లెక్కగట్టే హ్యాష్ అంటే 20 బైట్లే. మనం దాన్ని 40 అక్షరాల స్ట్రింగ్‌గా దాచి, పోల్చే ప్రతిసారీ మళ్లీ బైట్లలోకి మారుస్తున్నాం. ముక్కలు వేలల్లో ఉండే పెద్ద ఫైల్‌కి ఇది మెమరీనీ ప్రాసెసర్‌నీ ఊరికే తినేస్తోంది. ఇకపై లోపలంతా బైట్లుగానే ఉంచుదాం. స్క్రీన్ మీద, లాగ్‌లో చూపేటప్పుడు మాత్రమే అక్షరాలు చేద్దాం.

ఇంకొకటి, ముక్క మొత్తం వచ్చాక డిస్క్ నుంచి మళ్లీ చదివి హ్యాష్ లెక్కగడుతున్నాం. బిట్‌టొరెంట్‌లో ఒకసారి అడిగే బ్లాక్ (ముక్కలో ఒక భాగం) సాధారణంగా 16 కిలోబైట్లు. బ్లాకులు వరుసగా వస్తుంటే వచ్చినవి వచ్చినట్టే హ్యాష్‌లో కలుపుకుంటూ పోవచ్చు. వరుస తప్పితే పాత పద్ధతే. ఇందులో పొరపాటు జరిగితే పాడైన ఫైల్ యూజర్ చేతికి వెళ్తుంది, నా టెన్షన్ అంతా అదే. టెస్టులు రాయకుండా దీన్ని మెయిన్ కోడ్‌లో మెర్జ్ చేయొద్దు.

దయచేసి క్లీనప్‌నీ, వేగం పెంచే మార్పులనూ ఒకే కమిట్‌లో (ఒకసారి కలిపి సేవ్ చేసే మార్పుల్లో) కలపకండి. తేడా వస్తే వెతకడం నరకం. ఇక డిస్క్ క్యాష్ (డిస్క్ డేటాని కాసేపు మెమరీలో ఉంచే కోడ్) భాగం ఎవరు తీసుకుంటారో చెప్పండి.