ఇంగ్లీషును ముందు పిల్లల చెవిన వేయించండి

ఒడిశా పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. పర్లాకిమిడిలో కిరాణా కొట్టు నడుపుకునేవాణ్ని. మా మేనల్లుడి సంగతి ఒకటి చెబుదామని రాస్తున్నాను.

పదో తరగతి ఇంగ్లీషులో వాడికి మంచి మార్కులే వచ్చాయి. పాసివ్ వాయిస్ అయితే నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పోయిన ఏడాది విశాఖపట్నంలో ఒక హోటల్లో పనికి కుదిరాడు. మూడో రోజు, భోజనానికి కూర్చున్న ఒకాయన ‘కుజ్యు టర్నిట్ డౌన్ ఎ బిట్?’ అన్నాడట. మా గుంటడికి ‘డౌన్’ ఒక్కటే అందింది. ఏదో కింద పడిందనుకుని వంగి టేబుల్ కింద వెతికాడు. ఆయన అడిగింది టీవీ సౌండు తగ్గించమని! రాత్రి ఆ వాక్యం కాగితం మీద రాసి చూపిస్తే అన్నీ తెలిసిన మాటలే. కాకపోతే ‘టర్న్ డౌన్’ అంటే తిరస్కరించడం అని బడిలో బట్టీ పట్టాడు.

తెలుగులో మనం ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషువాళ్లు వాక్యంలో రెండు మూడు మాటలే ఒత్తి పలికి మిగతావి మింగేస్తారు. ‘కుడ్’, ‘యు’ కలిసి ‘కుజ్యు’ అయిపోతాయి. ఇది చెవికి అలవాటు కావాలి గానీ పుస్తకంలో గీతలు గీసుకుంటే వచ్చేది కాదు. వాడు బడిలో ఉన్నన్నాళ్లూ ఇంగ్లీషు విన్నందుకు గానీ, మాట్లాడినందుకు గానీ ఒక్క మార్కూ లేదు. మార్కులు లేనిదాని మీద మాస్టారు మాత్రం ఎందుకు పీరియడ్ ఖర్చు పెడతారు?

ఇక్కడి తెలుగు పిల్లలకు ఒడియా ఎలా వచ్చిందో చూడండి. వ్యాకరణం చదివి కాదు. వీధిలో ఆడుకుంటూ, కొట్లో బేరాలు వింటూ, తప్పులు మాట్లాడి నవ్వించుకుంటూ నేర్చుకున్నారు. మా కొట్టుకు వచ్చే ఆరేళ్ల పిల్ల నాతో తెలుగులో అడిగి, పక్కనున్న స్నేహితురాలికి ఒడియాలో చెబుతుంది. అలాంటి చెవులున్న పిల్లలకు ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి చూచిరాతతో మొదలుపెట్టిస్తున్నాం.

గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. సవరలనే గిరిజనుల భాషను వాళ్ల నోటి నుంచే విని నేర్చుకున్నారాయన. 1906 ప్రాంతంలో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్ అనే ఇంగ్లీషు దొర తెలుగు నేర్చుకుంటూ, పుస్తకాల్లో తెలుగు ఒకలా, జనం మాట్లాడేది ఇంకోలా ఎందుకుందని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగువారిని వ్యావహారిక భాషా ఉద్యమం దాకా నడిపించింది. ఇంగ్లీషు విషయంలో అదే ప్రశ్న మా గుంటడు ఇప్పుడు నన్ను అడుగుతున్నాడు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఆరో తరగతి నుంచి రోజూ పది నిమిషాలు మామూలు మాటల రికార్డింగు వినిపించండి. బస్సు టికెట్టు, మందుల షాపు, ఫోన్లో అడ్రసు, ఇలాంటివి. అర్థం కానిచోట మాస్టారు ఒడియాలోనో తెలుగులోనో చెప్పనివ్వండి. పరీక్షలో ఇరవై మార్కులు వినికిడికి, మాటకు పెట్టండి. తప్పు మాట్లాడితే మార్కులు కోయొద్దని కూడా రాయించండి. లేకపోతే ఆ ఇరవై మార్కులకూ గైడ్లు వచ్చేస్తాయి.

మావాడు ఇంకా ఆ హోటల్లోనే ఉన్నాడు. రాత్రిపూట ఫోన్లో క్రికెట్ కామెంటరీ పెట్టుకుని, ఒక్కో ఓవర్ నాలుగైదుసార్లు వింటున్నాడట.

ఇట్లు,
పర్లాకిమిడి కిరాణా వ్యాపారి ఒకడు