బ్రేకు పని విషయంలో మా షెడ్డు మార్చుకుంటున్న పద్ధతి

మా షెడ్డుకు బండి ఇచ్చే వారందరికీ నమస్కారం.

దసరా వస్తోంది, ఆ వెనకే కార్తీకం. విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అనంతగిరి, అరకు వెళ్లే కార్ల వరస ఇక సంక్రాంతి దాటేదాకా తగ్గదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురంలోని బంధువుల ఇళ్లకు వెళ్లివచ్చేవారూ ఉంటారు. మాకు బ్రేకు పనులు ఎక్కువగా వచ్చేది ఈ నెలల్లోనే. రద్దీ మొదలయ్యాక నిలబడి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి చెప్పవలసినవి ఇప్పుడే చెబుతున్నాను. బ్రేకు పని చేసే తీరు మారుస్తున్నాం. పని ఆలస్యమవుతుంది, కూలి పెరుగుతుంది. కొన్ని పనులు ఎంత అడిగినా ఇక చేయం.

చేయనివి ముందు చెబుతాను. ఒక చక్రానికి మాత్రమే ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి బండిని ఆపే పలకలు) మార్చడం ఇక ఉండదు. ముందు రెండు చక్రాలకూ కలిపి, లేదా వెనక రెండింటికీ కలిపి మారుస్తాం. ఒకవైపు కొత్తవి, మరోవైపు అరిగినవి ఉంటే వర్షంలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. డిస్కు మందం కొలవకుండా లేత్ పట్టించడమూ ఉండదు. డిస్కు ఎంత వరకు అరిగితే పరవాలేదో ఆ కనీస మందాన్ని తయారీదారులే దాని మీద అచ్చు వేసి ఇస్తారు. ఆ అంకె కన్నా పలచబడిన డిస్కు త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడిని దాచుకునే లోహం దానిలో మిగలదు. అలాంటి దాన్ని నున్నగా చేసి తిరిగి బిగించి డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు. పెట్టె లేకుండా, పేరు లేకుండా బయట కొనితెచ్చిన ప్యాడ్లు కూడా బిగించం. తక్కువ ధరకు వచ్చాయని మీరు తెస్తారు, అవి వేడిలో ఎలా పట్టుకుంటాయో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇక బ్రేక్ ఆయిల్. "లెవెల్ తగ్గింది, కొంచెం పోసి పంపించండి" అని చాలామంది అడుగుతారు. అలా పోసి పంపించం. ఆయిల్ దానంతట అది తరగదు. ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని పట్టి ఉంచే కాలిపర్లలో ప్యాడ్లను నెట్టే పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళుతుంది కాబట్టి డబ్బాలో మట్టం తగ్గుతుంది. లేదా ఎక్కడో కారుతోంది. రెండింటిలో ఏదో చూడకుండా పైన నింపితే మీకు కనిపించవలసిన హెచ్చరికను మేమే కప్పిపెట్టినట్టవుతుంది.

ఆయిల్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఘాట్ రోడ్డులో ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. మన కార్లలో వాడేది డాట్ 3 లేదా డాట్ 4 రకం. ఏది పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మనదేమో సముద్రం దగ్గరి ఉక్క గాలి. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. కొండ దిగుతూ ఆగకుండా బ్రేకు తొక్కితే ఆ వేడి కాలిపర్ దాటి ఆయిల్‌కు చేరుతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. మీరు తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోయి పెడల్ నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. ఇందులో మోసం ఏమిటంటే, బండి చల్లారాక మా దగ్గరకు తెస్తే పెడల్ మళ్లీ మామూలుగా ఉంటుంది. "నిన్న బ్రేకు పడలేదు, ఈరోజు బాగానే ఉంది" అని ఎవరైనా చెబితే మేము ముందుగా చూసేది ఆయిలే. కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకొకసారి మార్చవలసిందే. తీసిన పాత ఆయిల్‌ను గాజు సీసాలో పోసి మీకు చూపిస్తాం. కషాయంలా నల్లగా మారిన ఆయిల్‌ను ఒకసారి కళ్లతో చూస్తే ఇక నేను వివరించనక్కరలేదు.

ఈ మధ్య పూసపాటిరేగ వైపు తీర గ్రామం నుంచి ఒక కారు వచ్చింది. ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమనే శబ్దం. యజమాని జాగ్రత్తపరుడే, చక్రం కంతల్లోంచి చూసి ప్యాడ్ సగానికి పైగా ఉందని నిర్ధారించుకున్నారు. విప్పి చూస్తే బయటి ప్యాడ్ ఆయన చెప్పినట్టే ఉంది. లోపలి ప్యాడ్‌కు మాత్రం ఒక చివర కొంచెం మిగిలి, రెండో చివర ఇనుము బయటపడింది. ఆ ఇనుము డిస్కును గీరి, వేలు పెడితే తగిలేటంత లోతుగా గాడి చేసింది. కాలిపర్ జారే పిన్ను మీది రబ్బరు తొడుగు చిరిగి, ఉప్పు నీరు, ఇసుక చేరి పిన్ను బిగుసుకుపోవడమే కారణం. పిన్ను జారకపోతే కాలిపర్ కదలదు. పిస్టన్ ఉన్న వైపు ప్యాడ్ ఒక్కటే పని మొత్తం చేసి అరిగిపోతుంది. ప్యాడ్లు మాత్రమే మార్చి పంపితే కొత్తవీ అదే దారి పడతాయి.

మేము పద్ధతి మార్చడానికి కారణం ఇలాంటి బండ్లే. ఇక మీదట బ్రేకు ఫిర్యాదుతో వచ్చిన ప్రతి కారుకూ నాలుగు చక్రాలూ విప్పుతాం. లోపలి, బయటి ప్యాడ్లను విడివిడిగా కొలుస్తాం. 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే మార్చమనే చెబుతాం. పిన్నులు తీసి శుభ్రం చేసి, రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీజు రాస్తాం. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. చక్రం నట్లు టార్క్ రెంచితో కొలిచి బిగిస్తాం. తర్వాత రోడ్డు మీద నడిపి, కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకునేలా కొన్నిసార్లు మధ్యస్థంగా బ్రేకు వేసి, మధ్యలో చల్లారనిచ్చి మరీ ఇస్తాం. గంటలో అయ్యే పనికి పూట పడుతుంది. రోజుకు తక్కువ బండ్లు తీసుకుంటాం కాబట్టి కూలి పెంచక తప్పడం లేదు. కొత్త రేట్లు గోడ మీద బోర్డులో రాశాం, అందరికీ అదే రేటు.

మీరు కూడా ఒక సాయం చేయాలి. "బ్రేకు బాగాలేదు" అంటే మాకు సరిపోదు. పెడల్ మెత్తగా దిగుతోందంటే గొట్టాల్లో గాలి చేరిందేమో చూస్తాం. సిగ్నల్ దగ్గర తొక్కి ఉంచితే మెల్లగా కిందికి జారుతోందంటే, పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్‌ను అనుమానిస్తాం. రాయిలా గట్టిగా ఉందంటే, కాలి బలాన్ని పెంచే బూస్టర్, దాని గొట్టం చూస్తాం. 80లో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందంటే ముందు చక్రాల డిస్కులు చూస్తాం. ఎంత వేగంలో వస్తోంది, పొద్దున్నే వస్తోందా, బండి వేడెక్కాకే వస్తోందా అని రెండు ముక్కలు చెబితే మాకు సగం పని తగ్గుతుంది. రాత్రి వాన కురిశాక పొద్దున మొదటి రెండుమూడు బ్రేకులకు గరగరమంటే మాత్రం కంగారు పడకండి. డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు అది, ఆ రెండుమూడు బ్రేకులకే పోతుంది.

ఇప్పుడు మీ కాలి సంగతి. ప్యాడ్లు ఎంత త్వరగా అరిగితే మాకు అంత వ్యాపారం. అయినా ఒకే రకం కార్లలో ఒకరి ప్యాడ్లు మరొకరి వాటికన్నా రెండింతలు నిలబడడం నేను చూస్తూనే ఉన్నాను, తేడా అంతా తొక్కే తీరులోనే ఉంది. వేగం రెండింతలైతే బ్రేకులు మింగవలసిన శక్తి నాలుగింతలు. 80 వేగంలో ఉన్న బండిని ఆపాలనుకోండి. ముందుగానే యాక్సిలరేటర్ వదిలి, గేరులోనే ఉంచి దానంతట అదే 60కి తగ్గనిస్తే ఆ శక్తిలో దాదాపు 44 శాతం బ్రేకును తాకకుండానే పోతుంది. చేయవలసిందల్లా ముందు బండి వెనక అద్దాన్ని కాక, దానికి ముందున్న రోడ్డును చూడడమే. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వెళ్లేటప్పుడు ఆటో ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ ఎవరో చెయ్యెత్తడం మాత్రం ముందే కనిపిస్తుంది. అప్పుడే కాలు తీయండి.

బ్రేకు మీద మొదట మెత్తగా కాలు ఆనించాలి, బరువు ముందు చక్రాల మీదికి ఒరిగాక ఒత్తిడి పెంచాలి, బండి ఆగబోయే క్షణంలో కొంచెం సడలించాలి. చివర్లో ఆ సడలింపు ఉంటే వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు మేలుకోరు, మీ వెనక వస్తున్న మోటారు సైకిల్ అతనికీ సమయం దొరుకుతుంది. ఇదంతా మామూలు రోజులకు. నిజంగా ఎవరైనా అడ్డం వస్తే ఈ మెత్తదనమంతా మరిచిపోయి పూర్తి బలంతో తొక్కండి, వదలకండి. ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్ మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. అది పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. ఏదో విరిగిందని భయపడి కాలు తీసేవారున్నారు, తీయకూడదు.

ఘాట్ సంగతికి వస్తే ఒక లెక్క చూడండి. మనుషులతో కలిపి 1500 కిలోల బరువున్న కారు 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి, అదే కారును 80 వేగం నుంచి నాలుగుసార్లు పూర్తిగా ఆపడానికి పట్టే శక్తితో సమానం. అనంతగిరి నుంచి కిందికి ఇలాంటి వందలు ఎన్నో దిగాలి. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగిలింది ఇంజనైనా మోయాలి, బ్రేకులైనా మోయాలి. ఇంజన్‌కు ఇవ్వండి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్ అయినా గేరు తగ్గించి పట్టి ఉంచే ఏర్పాటు దాదాపు ప్రతి బండిలో ఉంటుంది, ఎలా వాడాలో తెలియకపోతే బయలుదేరే ముందు మమ్మల్ని అడగండి. బ్రేకును సన్నగా తొక్కి పట్టుకుని దిగకండి. వేగం పెరిగినప్పుడు కాస్త గట్టిగా వేసి తగ్గించి, పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన సేపే డిస్కు చల్లారుతుంది.

దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందని ఇంకా నమ్మేవారున్నారు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం దాదాపు పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్లోనేమో ఆడుతూ ఉండడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటాయి. ఇంజన్ ఆపి దిగడం మరీ ప్రమాదం. రెండుమూడు సార్లు తొక్కేసరికి బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయి పెడల్ బిగుసుకుపోతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

కాలిన వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి ఆపండి. గేరులో పెట్టి, చక్రం కింద రాయి వేసి, బ్రేకు మీంచి కాలు తీసేయండి. ఎర్రగా కాగిన డిస్కును ప్యాడ్‌తో నొక్కిపెట్టి ఉంచితే ఆ అచ్చు దాని మీద పడి తర్వాత వణుకు మొదలవుతుంది. నీళ్లు పోయకండి, డిస్కు పగిలే ప్రమాదం ఉంది. అరగంట ఆగి, పెడల్ గట్టిగా ఉందని తొక్కి చూసుకున్నాకే కదలండి.

ఆయుధపూజకు బండి కడిగించేవారికి ఒక విన్నపం. టైర్లకు మెరుపు స్ప్రే కొట్టేటప్పుడు అది డిస్కు మీద పడనీయకండి. నూనె తాగిన ప్యాడ్‌ను శుభ్రం చేయలేం, మార్చవలసిందే.

ఘాట్ ప్రయాణం పెట్టుకున్నవారు వారం ముందు బండి తీసుకురండి. ప్యాడ్లు, ఆయిల్, టైర్లు చూసి చెప్పడానికి ఏమీ తీసుకోం. బయలుదేరే రోజు పొద్దున్నే తెస్తే చూడగలం కానీ, లోపం కనబడితే ఆరోజు సరిచేసి ఇవ్వలేం. మార్చిన పాత ప్యాడ్లన్నీ కవరులో పెట్టి మీకే ఇస్తాం, అడగనక్కరలేదు. పైడితల్లి అమ్మవారి తొలేళ్లు, సిరిమానోత్సవం రెండు రోజులూ షెడ్డు మూసి ఉంటుంది. బుధవారం పొద్దున తెరుస్తాం.