నీ స్క్రిప్టు బోనెక్కితే

ఒరేయ్ శ్రీనూ,

కేసుల్లో ఫోన్లూ, కంప్యూటర్లలోంచి సాక్ష్యం తీయడానికి కంపెనీ టూలు కొనాలా, నువ్వు రాసుకున్న స్క్రిప్టుతోనే కానిచ్చేయొచ్చా అని అడిగావు. రెండు ముక్కల్లో చెబుదామని కూర్చుంటే ఇంత ఉత్తరమైంది. తిట్టుకోకుండా చదువు.

"ఎన్‌కేస్‌తో తీశామంటే కోర్టులో ఎవరూ నోరెత్తరు" అన్నాడన్నావు చూడు మీ మేనేజరు, అందులో సగం నిజమే. ఎన్‌కేస్, సెలబ్రైట్ లాంటి టూళ్ల పేర్లు లాయర్లకీ అలవాటైపోయాయి, కొన్ని ప్రశ్నలు మొదట్లోనే తప్పుతాయి. మిగతా సగం తెలియాలంటే 2011లో ఫ్లోరిడాలో నడిచిన కేసీ ఆంథొనీ కేసు చూడు, కన్న కూతుర్ని చంపిందని ఆమె మీద ఆరోపణ. ఆ ఇంటి కంప్యూటర్లో క్లోరోఫామ్ పేజీని 84 సార్లు చూశారని ప్రాసిక్యూషన్ వాదించింది. ఆ లెక్క ఇచ్చింది క్యాష్‌బ్యాక్ అనే టూలు. అదే ఫైర్‌ఫాక్స్ హిస్టరీని నెట్‌అనాలిసిస్ అనే ఇంకో టూలు చదివి, ఒక్కసారే చూశారంది. అప్పటి ఫైర్‌ఫాక్స్ హిస్టరీ మోర్క్ అనే ఫార్మాట్లో ఉండేది, చదవబోతే తల తిరుగుతుంది. తీరా చూస్తే ఆ 84 మైస్పేస్ పేజీది! క్యాష్‌బ్యాక్ రాసినాయనే పొరపాటు పట్టుకుని చెప్పాడు. అది అమ్మకానికి ఉన్న టూలేరా, ఎవడో రాత్రికి రాత్రి గిలికిన స్క్రిప్టు కాదు.

2021లో సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాళ్లు సెలబ్రైట్ సాఫ్ట్‌వేర్ విప్పి చూస్తే 2012 నాటి పాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియోలు చదివే కోడ్) ఫైళ్లు బయటపడ్డాయి. ఫోన్లో ఒక తేడా ఫైలు పెడితే, దాన్ని స్కాన్ చేసిన మెషీన్లో రిపోర్టులనే మార్చేయొచ్చని కూడా చూపించారు.

అలాగని నీ స్క్రిప్టు చూసుకుని మురిసిపోకు. నా బాగోతం విను. ఒక చాట్ యాప్‌ని ఏ టూలూ చదవట్లేదని పైథాన్‌లో నేనే రాసుకున్నాను. డేటాబేస్ ఎస్‌క్యూలైట్, పక్కనే వాల్ ఫైలు, అంటే కొత్త మార్పుల్ని ముందుగా రాసిపెట్టుకునే చోటు. మామూలుగా కనెక్ట్ చేశాను, చదివాను, క్లోజ్ చేశాను. ఫోల్డర్ చూద్దును కదా, వాల్ ఫైలు లేదు! చివరి కనెక్షన్ మూసేటప్పుడు ఎస్‌క్యూలైట్ అందులో ఉన్నదంతా మెయిన్ ఫైల్లో కలిపేసి దాన్ని తుడిచేస్తుంది. డిలీట్ చేసిన మెసేజీల పాత పేజీలు ఒక్కోసారి అక్కడే దొరుకుతాయి. మెయిన్ ఫైలు హ్యాష్ (ఫైలు మారలేదని చూపించే వేలిముద్ర లాంటి అంకె) కూడా మారిపోయింది. కాపీ మీద పనిచేశాను కాబట్టి బతికిపోయాను గానీ, ఆ పది నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అప్పట్నుంచి రెండు ఫైళ్లకీ ముందే హ్యాష్ తీసి, కాపీకి ఇంకో కాపీ తీసుకుని తెరుస్తున్నాను. వాల్‌ని విడిగా చదువుతున్నాను.

టైమ్‌స్టాంపులతో ఇంకో తంటా. క్రోమ్ 1601 నుంచి లెక్కపెడుతుంది, యునిక్స్ 1970 నుంచి, ఐఫోన్ చాలా చోట్ల 2001 నుంచి. ఐఫోన్ అంకెని యునిక్స్ అనుకున్నావంటే 31 ఏళ్లు వెనక్కి పోతావు. అదైనా నయం, చూడగానే తెలిసిపోతుంది. టైమ్ జోన్‌లో నాలుగు గంటలు తేడా వస్తే ఎవరి కంటా పడదు, కేసు మాత్రం తలకిందులైపోతుంది.

ఇక కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ సంగతి. అమెరికాలో 1993 నాటి సుప్రీంకోర్టు డాబర్ట్ తీర్పు నుంచి నిపుణుల సాక్ష్యం గురించి జడ్జీలు అడుగుతున్నది ఇదే: ఈ పద్ధతిని పరీక్షించారా, తప్పులెన్ని వస్తాయి, మిగతా నిపుణులు ఒప్పుకుంటారా? కంపెనీ టూలు లోపల ఏం చేస్తుందో నువ్వు చెప్పలేవు, కోడ్ చూపించరు. నీ స్క్రిప్టయితే ప్రతి లైనూ చూపించొచ్చు. స్లూత్ కిట్ అనే ఫోరెన్సిక్ టూలు రాసిన బ్రయన్ క్యారియర్ ఓపెన్ సోర్స్ తరఫున, అంటే అందరికీ కోడ్ చూపించే టూళ్ల తరఫున, ఈ వాదన ఎప్పుడో చేశాడు. కానీ "దీన్ని పరీక్షించిందెవరు?" అంటే "నేనే" అంటావు. "మీరు కాక ఇంకెవరు వాడారు?" అంటే నీళ్లు నములుతావు. పెద్ద టూళ్లకైతే కనీసం నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) వాళ్ల పరీక్షల రిపోర్టులున్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

నన్నడిగితే, ఇమేజ్, అంటే డిస్కుకి అచ్చంగా కాపీ, తీసే దగ్గర సొంత తెలివి అస్సలొద్దు. రైట్ బ్లాకర్ (అసలు డిస్కులో ఏమీ రాయనివ్వని పరికరం) పెట్టు, నలుగురూ వాడే టూలుతో తియ్యి, ఎండీ5తో పాటు షా-256 హ్యాష్ కూడా రాసి పెట్టుకో. కొన్న టూలు అందుకోలేని ఆ ఒక్క యాప్ కోసమే నీ స్క్రిప్టు బయటికి తియ్యి. తీసేముందు ఒక టెస్ట్ ఫోన్లో నువ్వే 30 మెసేజీలు పంపి, ఏడు డిలీట్ చేసి, అది ఏం పట్టుకుంటుందో, ఏం వదిలేస్తుందో రాసుకో. కేసుకి కీలకమైన మెసేజీని మాత్రం ఫైల్లోని బైట్లని ఉన్నదున్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్లో నీ కళ్లతో బైట్ బైట్ చూడు. కొన్న టూలు చూపించినా సరే, చూడాల్సిందే. రిపోర్టులో స్క్రిప్టు వెర్షనూ, దాని హ్యాషూ వెయ్యి. కోర్టుకి వెళ్లే రోజుకి ఇంకేదో సరిచేసి ఉంటావు, నీ సంగతి నాకు తెలీదా!

స్క్రిప్టూ, ఆ టెస్ట్ ఫోన్ ఇమేజీ పంపించు. అవతలి లాయర్‌లా నేను ఓ పట్టు పడతాను. ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ రాయకుండా పంపావో, తెరవను కూడా తెరవను.

నీ,
రవి