గ్రాఫులో మన గీత ఎందుకు తెగిపోతోంది? పర్యావరణ మంత్రిగారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

డిగ్రీ కాలేజీలో ముప్పయ్యేళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. ఇప్పటికీ పిల్లలు సెమినార్ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. మొన్న ఒక ఎమ్మెస్సీ అమ్మాయి, పరిశ్రమలు విడిచే నైట్రస్ ఆక్సైడ్ (భూమిని వేడెక్కించే వాయువుల్లో ఒకటి) మీద దేశాలవారీగా గ్రాఫు గీసుకొచ్చింది. జర్మనీ గీత 1990 నుంచి ఏడాదికో చుక్క చొప్పున తెగకుండా సాగింది. మన దగ్గరకొచ్చేసరికి ప్రభుత్వం లెక్క ఇచ్చిన ఏళ్లకే అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క: 1994, 2000, 2007, 2010, 2014, 2016, 2019, 2020. "మధ్యలో ఏం గీయాలి మాస్టారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ ప్రశ్న మీకు పంపుతున్నాను.

మీకు తెలియనిది కాదు గానీ, ఇది చదివే మా ఊరివాళ్ల కోసం రెండు ముక్కలు. నైట్రిక్ యాసిడ్ తయారీలో అమ్మోనియాను ప్లాటినం, రోడియం కలిపిన సన్నటి జాలీ మీద మండిస్తారు. కావాల్సింది నైట్రిక్ ఆక్సైడ్. దాంతోపాటు కొంత నైట్రస్ ఆక్సైడ్ కూడా పుట్టి పొగగొట్టంలోంచి పోతుంది. ఎర్రటి పొగ కనిపిస్తే జనం రోడ్డెక్కుతారు; అది నైట్రోజన్ డయాక్సైడ్. నైట్రస్ ఆక్సైడ్‌కు రంగు లేదు కాబట్టి ఫిర్యాదూ లేదు. కానీ వందేళ్లకు పైగా గాలిలోనే ఉంటుంది, ఓజోన్ పొరనూ తినేస్తుంది. ఆ యాసిడ్‌తో చేసే అమ్మోనియం నైట్రేట్ క్వారీ పేలుళ్లకు పోతుంది. నైలాన్‌కు ముడిసరుకైన కాప్రోలాక్టమ్ చేసేటప్పుడూ ఈ వాయువే వస్తుంది. టెక్కలి వైపు రాళ్ల క్వారీలు, కళింగపట్నం ఒడ్డున ఆరేసిన నైలాన్ వలలు చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

మన దేశంలో ఈ వాయువు ఎక్కువగా వచ్చేది పొలాల నుంచే, ఒప్పుకుంటాను. కానీ కోట్ల మంది రైతుల చేత ఎరువు తగ్గించడం ఎక్కడ, ఒక ప్లాంటులో ఆ వాయువును విడగొట్టే కేటలిస్ట్ పెట్టించడం ఎక్కడ!

ఇక పోలిక సంగతి. యూరప్‌లోని కొన్ని గీతలు 1990ల చివర్లో ధబ్బున పడతాయి. కారణం అడిపిక్ యాసిడ్, అదీ నైలాన్ ముడిసరుకే. టన్ను నైట్రిక్ యాసిడ్‌కు సుమారు 5 నుంచి 9 కిలోల నైట్రస్ ఆక్సైడ్ వస్తే, టన్ను అడిపిక్ యాసిడ్‌కు ఏకంగా 300 కిలోలు. అందుకే కొద్దిపాటి ఫ్యాక్టరీలు ఆ వాయువును విడగొట్టే యూనిట్లు పెట్టుకునేసరికి దేశాల గీతలే వంగిపోయాయి. 2013 నుంచి అక్కడ ఈ రెండు యాసిడ్ల ప్లాంట్లూ, వదిలిన వాయువుకు వెల కట్టే కార్బన్ మార్కెట్ కిందికి వచ్చాయి. మెచ్చుకోవాల్సిందే.

బ్రిటన్ గీత దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అక్కడి అడిపిక్ యాసిడ్ ప్లాంటు 2009లో మూతపడింది. నైలాన్ వాడకం మానలేదు కదా! మనింట్లో పొయ్యి ఆర్పి, పక్కింట్లో వండించుకుని, మా ఇంట పొగే లేదంటే ఎలా? ఈలోగా చైనాలో అడిపిక్ ఫ్యాక్టరీలు పెరిగాయి. వాయువు తగ్గిస్తే వచ్చే, అమ్ముకోదగ్గ క్యోటో వాతావరణ ఒప్పందం క్రెడిట్ల కోసం అక్కడి రెండు ప్లాంట్లు ఈ వాయువును నాశనం చేశాయి. 2004 తర్వాత మొదలైనవాటికి ఆ క్రెడిట్లకు అర్హతే లేకుండా పోయింది.

ఇంకో తలనొప్పి గుణకాలది. కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చి ఈ వాయువు ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ చెబుతుంది: 1995లో 310 అంది, 2007లో 298, 2013లో 265, 2021లో 273. వెయ్యి టన్నులు వదిలిన ఫ్యాక్టరీ, కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మారిస్తే, ఒక నివేదికలో 3,10,000 టన్నులుగా, మరోదాంట్లో 2,65,000గా కనిపిస్తుంది. ఒక్క నట్టు తిప్పకుండానే దాదాపు పద్నాలుగున్నర శాతం తగ్గింపు! కుంచం మార్చి ధాన్యం కొలిచినట్టుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. 1990 నుంచి ఏటా ఒక వరుస చొప్పున పట్టిక ఇవ్వండి. నైట్రిక్ యాసిడ్ వేరుగా, కాప్రోలాక్టమ్ వేరుగా. అసలు వాయువు టన్నుల్లోనే ఉండాలి, గుణించుకోవడం మాకొచ్చు. పక్కనే ఆ ఏడాది ఉత్పత్తి ఎంతో రాయండి. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఎదిగే దేశమే ఎప్పుడూ దోషిగా కనిపిస్తుంది. టన్నుకు ఎన్ని కిలోలో తెలిస్తేనే న్యాయమైన పోలిక. ఆ కిలోలు మీటరుతో కొలిచినవా, పుస్తకంలోని సగటుతో గుణించినవా అన్నదీ చెప్పండి. క్రెడిట్ల కాలంలో మన నైట్రిక్ యాసిడ్ ప్లాంట్లు కొన్ని పొగగొట్టాలకు మీటర్లు పెట్టి కొలిచాయి కాబట్టి చేతకాని పని కాదు. తయారీదార్లు తక్కువ, కంపెనీ రహస్యాలు బయటపడతాయి అంటారా? అలాంటి చోట రెండు అంకెలు కలిపి ఇవ్వండి, పర్వాలేదు.

మనలాంటి దేశాలు 1990 నుంచి వరుసగా ఇవ్వకపోయినా పారిస్ వాతావరణ ఒప్పందం నిబంధనలు పట్టించుకోవని తెలుసు. కానీ అంతర్జాతీయ సభల్లో "ఇన్నేళ్లుగా ఎవరెంత వదిలారో ఆ చరిత్ర చూడండి" అని గట్టిగా అడిగేది మనమే కదండీ.

ఆ అమ్మాయి ప్రస్తుతానికి చుక్కల మధ్య పెన్సిల్‌తో గీసుకుంది. పెన్ను పెట్టొద్దని నేనే చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్