జియాలజీ పిల్లల్ని కొండల దగ్గరికి తీసుకెళ్లండి

సంపాదకులకు,

మా అమ్మాయి కడప దగ్గర ఒక చిన్న కాలేజీలో డిగ్రీ జియాలజీ చదువుతోంది. లెక్చరర్లకు అందరి పేర్లూ తెలుసు, క్యాంటీన్‌లో సీనియర్లు, జూనియర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని రాళ్ల గురించి వాదించుకుంటారట, వింటే సంతోషంగా ఉంటుంది. కానీ ఫీల్డ్ ట్రిప్ అనేసరికి బస్సుకు డబ్బుల్లేవని వాయిదా వేస్తున్నారు. ఇది చాలా అన్యాయం.

వేంపల్లె దగ్గర డోలమైట్ అనే, సున్నపురాయిని పోలిన రాతిలో 150 కోట్ల ఏళ్లకు పైబడిన స్ట్రోమటోలైట్లు, అంటే అప్పటి సూక్ష్మజీవుల వల్ల పొరలు పొరలుగా పేరుకున్న రాళ్లు, చేత్తో తాకి చూడొచ్చు. గండికోటలో పెన్నా నది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి కొండను నిలువునా కోసింది, ఆ పొరల వాలు క్లినోమీటరుతో కొలవడం అక్కడ నిలబడితేనే వస్తుంది, బోర్డు మీద బొమ్మ గీస్తే రాదు. మంగంపేట ముగ్గురాయి గనులు, బెలూం గుహల సున్నపురాయి కూడా మనకు దూరమేం కాదు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చూసిపోతుంటే, ఇక్కడి పిల్లలు ఫొటోలు చూసి పరీక్ష రాయాలా?

ఏటా బస్సు ఖర్చుకు కాలేజీలకు విడిగా నిధులివ్వాలి. ఆడపిల్లలు ఉంటారు కాబట్టి ఒక మేడమ్‌ను కూడా తోడు పంపాలి. ఎండలు ముదరకముందే, డిసెంబరు, జనవరిలోనే తీసుకెళ్లాలి.

– ఒక విద్యార్థిని తండ్రి, కడప